రెండు లైన్లు, ఒక సంతకం

కోస్తాలోని ఒక జిల్లా కేంద్రంలో, నూట యాభై పడకల ప్రైవేటు ఆసుపత్రిలో చాలా ఏళ్లుగా ఈపీబీఎక్స్ (ఆసుపత్రి లోపలి టెలిఫోన్ ఎక్స్ఛేంజి) చూసుకుంటున్న పాఠకుడొకరు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దన్నారు కాబట్టి విషయం మాత్రం క్లుప్తంగా చెబుతాను.

ఆసుపత్రికి మొదటి నుంచీ ముప్పై చానళ్ల పీఆర్‌ఐ లైను, అంటే ఒకేసారి ముప్పై కాల్స్ నడిచే లైను, ఒకటి ఉంది. అది రాగి జోడు వైర్ల మీద మోడెం ద్వారా వస్తుంది. దాని మీదే వంద డైరెక్ట్ నంబర్లు ఉన్నాయి. ఎనిమిది నెలల క్రితం ఈయన బావమరిది, టెలికం పరికరాల వ్యాపారి, మరో కంపెనీ నుంచి తక్కువ ధరకు రెండో పీఆర్‌ఐ తెచ్చి పెట్టించాడు. ఆ కంపెనీ తన పెట్టెను అదే ర్యాకులో బిగించింది. కొద్ది వారాలకే రెండు ఫిర్యాదులు మొదలయ్యాయి. ఒక ప్రభుత్వ రంగ సంస్థ ఉద్యోగుల రిఫరల్ పత్రాలు ఇంకా ఫ్యాక్సులోనే నడుస్తున్నాయి. అవి సగం పేజీలో ఆగిపోతున్నాయి. వారంలో రెండు మూడు సార్లు పాత లైను మొత్తం పడిపోయి, రెండు మూడు నిమిషాలకు లేస్తోంది. మిగతా సమయాల్లో మాట మాత్రం స్పష్టంగానే ఉంటోంది. పాత లైను ఇచ్చిన కంపెనీవారు వచ్చి పరీక్షించి, మా వైపు ఏ తప్పూ లేదని చెప్పి వెళ్లారు.

ఇప్పుడు బావమరిది, పీఆర్‌ఐ అన్నదే చచ్చిపోయిన సరుకని, రెండు లైన్లూ తీసేసి మొత్తం సిప్ ట్రంక్‌కు, అంటే ఇంటర్నెట్ పద్ధతిలో (ఐపీ మీద) కాల్స్ నడిపే లైనుకు మారాలని ఆసుపత్రి ఎండీకి ప్రతిపాదన ఇచ్చాడు. సాంకేతిక సిఫారసు మీద సంతకం చేయమని ఎండీ ఈయననే అడిగారు. వీరిద్దరి చుట్టరికం ఎండీకి తెలుసో లేదో ఈయనకు తెలియదు. మీటింగులో ఐటీ చూసే కుర్రవాడు, "సార్‌కు పీఆర్‌ఐ తప్ప ఇంకోటి రాదు, అందుకే ఆలోచిస్తున్నారు" అన్నాడట. ఇంట్లో భార్య, "మా తమ్ముడి నోటికాడి కూడు తీయకండి" అంటోంది. "సంతకం పెడితే అన్నం పెట్టిన ఆసుపత్రికి ద్రోహం చేసినట్టు, పెట్టకపోతే ఇంట్లో ద్రోహిని. కొత్తది రాదన్న భయంతోనే వద్దంటున్నానా, నిజంగానే వద్దా అన్నది నాకే తేలడం లేదు" అని ఉత్తరం ముగించారు.

సమాధానం:

ముందుగా లైను సంగతి తేల్చుకుందాం. సంతకం, ఇల్లు, ఉద్యోగం అన్నీ దాని చుట్టూ అల్లుకున్నాయి, అది మాత్రం ఇంకా ఎవరి నోటి మాట మీదో నడుస్తోంది. పాత కంపెనీవారు తమ తప్పు లేదన్నారు, మీ బావమరిది తప్పంతా పీఆర్‌ఐదే అన్నాడు, ఐటీ అబ్బాయి తప్పు మీ వయసుదన్నాడు. కొలత మాత్రం ఎవరూ తీసినట్టు మీ ఉత్తరంలో కనిపించలేదు.

మీకు తెలిసిన విషయమే అయినా ఇతర పాఠకుల కోసం చెబుతున్నాను. మన దేశంలో పీఆర్‌ఐ అంటే సెకనుకు 2.048 మెగాబిట్ల ఈ1 లైను. అందులో 64 కిలోబిట్ల చొప్పున 32 గదులు ఉంటాయి. సున్నా గది తాళం కలపడానికి, పదహారో గది (దీన్నే డీ చానల్ అంటారు) సిగ్నలింగ్‌కు పోగా మిగిలిన ముప్పైలో మాటలు నడుస్తాయి. దీని మీద పని చేసే నియమాలు మూడు పొరలుగా ఉంటాయి. అడుగున బిట్లు, వాటి వేగాన్ని నడిపే క్లాకు. దాని మీద డీ చానల్‌లోని ఫ్రేములు పోకుండా, తారుమారు కాకుండా చూసే క్యూ.921, ఆ పైన కాల్ కలపడం, తెంచడం చూసే క్యూ.931. ఒక పొరలోని లోపం మరో పొరలో లక్షణంగా బయటపడటం ఈ వృత్తిలో నిత్యం జరిగేదే. అందుకే, నా అంచనాలో మీ దగ్గర ఉన్నది ఒక జబ్బు కాదు, రెండు. రెండూ పాత లైను మీదే కనిపించడం వల్ల ఒకటిగా అనిపిస్తున్నాయి.

ఫ్యాక్సు సంగతి చూడండి. మాట స్పష్టంగా ఉండి ఫ్యాక్సు మాత్రమే చెడిపోతోందంటే మొదట అనుమానించవలసింది క్లాకును. ఈ1 లైనులో ఒక్కో ఫ్రేము 125 మైక్రోసెకన్లు. మీ ఎక్స్ఛేంజి పని చేసే వేగానికీ, లైను మీద బిట్లు వచ్చే వేగానికీ రవ్వంత తేడా ఉన్నా, మధ్యనున్న బఫరు (తాత్కాలిక నిల్వ) నిండిపోయో ఖాళీ అయిపోయో ఒక ఫ్రేము జారిపోతుంది, లేదా రెండుసార్లు వస్తుంది. దీన్నే స్లిప్ అంటాం. రెండు క్లాకుల మధ్య పది లక్షలకు పది వంతుల తేడా ఉంటే ప్రతి పన్నెండున్నర సెకన్లకు ఒక స్లిప్. ఈ1 ప్రమాణం అనుమతించే గరిష్ఠ తేడా, అంటే పది లక్షలకు యాభై వంతులు ఉంటే, ప్రతి రెండున్నర సెకన్లకు ఒకటి. ఒక్కో చానల్‌లో పోయేది ఒకే ఒక్క నమూనా (125 మైక్రోసెకన్ల మాట) కాబట్టి మాట్లాడే మనిషి చెవికి అది అందదు. ఫ్యాక్సు మోడెంకు మాత్రం అది తరంగం ఒక్కసారిగా పక్కకు గెంతినట్టే. నిమిషం పట్టే పేజీలో అలాంటి గెంతులు నాలుగైదు పడితే పేజీ దక్కదు. డీ చానల్‌లో అదే స్లిప్ ఒక ఫ్రేమును పాడు చేసినా, క్యూ.921 అది చెడిందని పట్టుకుని మళ్లీ పంపించుకుంటుంది గనుక కాల్స్ కలుస్తూనే ఉంటాయి. పాత కంపెనీవారు అబద్ధం చెప్పారని కూడా అనుకోకండి. క్లాకు తేడా ఉన్నప్పుడు బిట్లు చెడవు, చెడిన బిట్లను పట్టిచ్చే సీఆర్‌సీ లెక్కలో తప్పులు పడవు, టెస్టరు పెట్టి చూసిన వారికి లైను శుభ్రంగానే కనిపిస్తుంది.

మరి ఇది రెండో లైను వచ్చిన తరువాతే ఎందుకు మొదలైంది? ర్యాకులో బిగించిన ఆ పెట్టె మీద నా దృష్టి ఆగింది. తక్కువ ధరకు ఇచ్చే పీఆర్‌ఐలు చాలావరకు మీ గుమ్మం దాకా ఐపీలో సిప్‌గా వచ్చి, అక్కడి గేట్‌వేలో పీఆర్‌ఐగా మారతాయి. అలాంటి గేట్‌వేకు టెలిఫోన్ నెట్‌వర్కు నుంచి క్లాకు రాదు; దాని లోపలున్న స్ఫటికమే దానికి గడియారం. కొత్త కార్డు పెట్టినప్పుడు మీ ఎక్స్ఛేంజి ఏ లైను క్లాకును ముందుగా అనుసరించాలన్న ప్రాధాన్యం, కార్డుల స్లాటు వరుసను బట్టి తానే మారి ఉంటే, లేదా అమర్చిన వారు మార్చి ఉంటే, ఇప్పుడు మొత్తం ఎక్స్ఛేంజి ఆ గేట్‌వే గడియారంతో నడుస్తూ, జాతీయ స్థాయి క్లాకుతో నడిచే పాత లైనుతో గంటగంటకూ జారిపడుతూ ఉంటుంది. అదే నిజమైతే, మీ బావమరిది చచ్చిపోయిందంటున్న పాత లైను ఆరోగ్యంగా ఉన్నట్టు, అతను తెచ్చిన లైను లోపల అప్పటికే సిప్ అయి ఉన్నట్టు.

దీన్ని నమ్మమని నేను అనడం లేదు, చూడమంటున్నాను. మెయింటెనెన్స్ టెర్మినల్‌లో రెండు పీఆర్‌ఐ కార్డుల గణాంకాలు తెరిచి, స్లిప్, సీఆర్‌సీ లెక్కలను సున్నా చేసి, ఒక పూట వదిలేయండి. పాత లైను మీద స్లిప్ లెక్క పెరుగుతూ సీఆర్‌సీ కదలకుండా ఉంటే తప్పు క్లాకుది. సీఆర్‌సీ కూడా పెరుగుతుంటే వైరు, జాయింటు, మోడెం చూడాలి. రెండూ కదలకపోతే నేను చెప్పింది తప్పు, క్యూ.931 ట్రేసులోకి, అంటే కాల్ సందేశాల రికార్డులోకి వెళ్లాలి. తేలింది క్లాకే అయితే పాత లైనును మొదటి ప్రాధాన్యంలో పెట్టండి. అప్పుడు స్లిప్పులు కొత్త లైను మీదకు మళ్లుతాయి, గేట్‌వేను మీ ఎక్స్ఛేంజి నుంచి క్లాకు తీసుకునేలా అమర్చితే అక్కడా పోతాయి. క్యూ.931లో గేట్‌వే నెట్‌వర్కు వైపు పాత్ర పోషిస్తోంది కాబట్టి క్లాకు కూడా అదే ఇవ్వాలని అమర్చేవారు అనుకుంటుంటారు. ఆ రెండు సెట్టింగులకూ సంబంధం లేదు.

లైను మొత్తం పడిపోవడం వేరే కథ. స్లిప్పుల వల్ల రెండు మూడు నిమిషాలు లైను చావదు. అలారం లాగులో ఆ సమయానికి ఏం నమోదైందో చూడండి. ఎల్‌ఓఎస్ అని ఉంటే మీ కార్డుకు అసలు సిగ్నలే అందలేదు, అంటే మోడెం ఆగిపోయింది, లేదా మోడెం నుంచి కార్డుకు వచ్చే తీగ కదిలింది. ఏఐఎస్ అని ఉంటే మోడెం బతికే ఉండి అవతలి నుంచి ఏమీ రాక వరుసగా ఒకట్లు పంపుతోంది, అంటే లోపం బయటి జోడు వైర్లలోనో కంపెనీ వైపో ఉంది. ఆర్‌ఏఐ అయితే మీరు పంపేది వారికి అందడం లేదు. ఎల్‌ఓఎస్ అయిన పక్షంలో ఆ తేదీలను, వేళలను జనరేటరు లాగుబుక్కుతో పక్కపక్కన పెట్టి చూడండి. కొత్త పెట్టె బిగించేటప్పుడు యూపీఎస్ సాకెట్టు చాలక, మోడెం ప్లగ్గును తీసి మామూలు సాకెట్టులో పెట్టిన ర్యాకులు నేను చూశాను. కరెంటు పోయి జనరేటరు అందుకునే ఆ కొద్ది సెకన్లకే మోడెం ఆగి, మళ్లీ లేచి అవతలితో తాళం కలుపుకోవడానికి నిమిషాలు తీసుకుంటుంది.

ఇక సంతకం సంగతి. సిప్‌కు మారడం తప్పని నేను అనను. ప్రపంచమంతా అటే వెళుతోంది. జర్మనీ తన ఐఎస్‌డీఎన్‌ను దాదాపుగా తీసేసింది, బ్రిటన్ తీసేస్తోంది. కానీ బ్రిటన్ అనుభవం మీ ఆసుపత్రికి పనికొస్తుంది. అక్కడ 2025 చివరికి ముగించాలనుకున్న మార్పును 2027 జనవరికి జరిపారు, ఒంటరిగా ఉండే వృద్ధులు ఆపదలో నొక్కే అలారం పరికరాలు కొత్త లైన్ల మీద సరిగా పని చేస్తాయా అన్న ఆందోళన అందుకు ఒక ముఖ్య కారణం. మారాలా వద్దా అన్న ప్రశ్న కంటే, పాత లైనును నమ్ముకుని ఏమేమి నడుస్తున్నాయో జాబితా ఉందా అన్న ప్రశ్న అక్కడ పెద్దదైంది.

మీ దగ్గర ఆ జాబితాలో ఫ్యాక్సు మొదటిది. సిప్‌లో మాట సాధారణంగా 20 మిల్లీసెకన్ల ప్యాకెట్లుగా వెళుతుంది. స్లిప్ వల్ల పోయేది ఒక నమూనా అయితే, ఒక ప్యాకెట్టు దారిలో పోతే 160 నమూనాలు పోతాయి. స్లిప్పునే తట్టుకోలేని ఫ్యాక్సు దీన్ని తట్టుకుంటుందని ఎవరైనా అంటే, ఫ్యాక్సును ఐపీ మీద పంపే టి.38 పద్ధతి రెండు వైపులా ఉందా అని అడిగి, నిజమైన పత్రాలతో పరీక్షించి చూపించమనండి. బ్యాండ్‌విడ్త్ గురించి పెద్దగా భయపడనక్కరలేదు. మామూలు కోడెక్‌లో (మాటను బిట్లుగా మార్చే పద్ధతిలో) ఒక్కో కాల్‌కు సుమారు 87 కిలోబిట్లు, ముప్పై కాల్స్‌కు ఒక్కో దిశలో 2.6 మెగాబిట్లు. ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, రేడియాలజీవారు సీటీ స్కాన్ చిత్రాలు పంపే ఇంటర్నెట్ మీదే ఈ కాల్స్‌నూ పంపితే, పెద్ద ఫైళ్ల వెనక మాట ప్యాకెట్లు ఆగి ఆగి వస్తాయి. వేరే లింకు, లేదా రౌటరులో మాటకు ప్రాధాన్యం, ప్రతిపాదనలో రాసి ఉండాలి. విదేశీ కాల్స్ మూసివేయడం, పాస్‌వర్డులు, ఫైర్‌వాల్ కూడా రాసి ఉండాలి. సరిగా మూయని ఎక్స్ఛేంజిలోకి సెలవు రోజు రాత్రి ఎవరో చొరబడి విదేశాలకు వరుసగా కాల్స్ చేస్తే, బిల్లు వచ్చేది ఆసుపత్రికే.

వీటన్నిటికంటే ముందు ఎండీకి తెలియవలసినది ఇంకొకటి ఉంది. మొబైల్‌కు ఉన్న నంబరు పోర్టబిలిటీ మన దేశంలో ల్యాండ్‌లైన్లకు లేదు. బోర్డుల మీద, మందుల చీటీల మీద, అంబులెన్సుల మీద అచ్చయిన మీ వంద నంబర్లు పాత కంపెనీవి. కొత్త కంపెనీ సిప్‌కు వెళితే అవి వెంట రావు. అవే నంబర్లతో సిప్ ట్రంక్ ఇవ్వగలరా అని పాత కంపెనీనే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. మీ బావమరిది ప్రతిపాదనలో ఈ ముక్క లేకపోవడం నాకు అన్నిటికంటే పెద్ద లోటుగా తోచింది.

మీ ముందు ఇప్పుడు దారులు కొన్ని ఉన్నాయి. అడిగినట్టు సంతకం చేసేయవచ్చు. ఇల్లు కొన్నాళ్లు ప్రశాంతంగా ఉంటుంది, మీరు కూడా కొత్త పద్ధతిని వ్యతిరేకించని మనిషిగా కనిపిస్తారు. కానీ మారిన మొదటి వారంలో ఫ్యాక్సు ఆగినా, నంబరు కలవకపోయినా, కాగితం మీద ఉండేది మీ పేరు. అప్పటికి చుట్టరికం కూడా బయటపడితే, మీరు చేసినది పొరపాటా, లాలూచీయా అన్న తేడా ఎవరూ పట్టించుకోరు. లేదా, సంతకం చేయనని అనేయవచ్చు. కారణాలు చెప్పకుండా కాదంటే ఐటీ అబ్బాయి మాటకు మీరే సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది, ప్రతిపాదన మరొకరి సంతకంతో ముందుకు పోతుంది, పైగా ఇంట్లో మాట పడతారు. చుట్టరికం ఉంది గనుక ఈ సిఫారసు నుంచి నన్ను తప్పించండి అని ఎండీకి రాయడం మూడోది. మర్యాదగా, పద్ధతిగా ఉంటుంది. ఇబ్బందేమిటంటే ఆ ఎక్స్ఛేంజి లోపల ఏముందో తెలిసినవారు ఆసుపత్రిలో మీరొక్కరే అయినట్టున్నారు. మీరు తప్పుకుంటే లెక్క చూసేవారు లేకుండానే నిర్ణయం జరుగుతుంది.

నాకు నచ్చేది వీటి మధ్య దారి. అవును, కాదు అని రాయకుండా, కొలతల నివేదిక ఇవ్వండి. ఒక పేజీ చాలు. స్లిప్ లెక్కలు మార్పుకు ముందు, తరువాత. లైను పడిన వేళలు, పక్కన జనరేటరు వేళలు. సిప్‌కు మారితే ముందుగా రాతలో ఉండవలసిన షరతులు. నివేదిక మొదటి వాక్యంలోనే, ప్రతిపాదించిన వ్యక్తి నా భార్యకు స్వయానా తమ్ముడు అని రాయండి. ఆ ఒక్క వాక్యం ఈ రోజు మీ అంతట మీరు రాస్తే మీ నిజాయితీ, రేపు ఇంకొకరు చెబితే మీ మీద ఆరోపణ. దీనికీ మూల్యం ఉంది: ఎండీ ఆ నివేదికను మరొకరితో సరిచూపించవచ్చు, బావమరిదికి ఆర్డరు ఆలస్యం కావచ్చు, అసలు రాకపోవచ్చు. కావాలంటే ఒక మెట్టు మార్గం కూడా సూచించవచ్చు. వచ్చే కాల్స్, ఫ్యాక్సు పాత పీఆర్‌ఐ మీదే ఉంచి, బయటికి చేసే కాల్స్ మాత్రం మూడు నెలలు సిప్ మీద నడిపి చూడటం. రెండు అద్దెలు కట్టాలి కాబట్టి అకౌంట్సువారికి నచ్చదు. అయినా ఆసుపత్రి విషయంలో నేనైతే ఆ డబ్బు దండగ అనుకోను.

నివేదిక ఎండీ చేతికి వెళ్లేలోపు మీ బావమరిదిని కూర్చోబెట్టి మాట్లాడండి. ఇంట్లో, ఆడవారి ఎదుట కాదు; ర్యాకు దగ్గర, టెర్మినల్ మీద స్లిప్ లెక్క పెరుగుతుండగా. అతను మోసం చేశాడని మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, నాకూ అనిపించలేదు. గేట్‌వే క్లాకు గురించి అతనికి తెలియకపోయి ఉండవచ్చు. తెలిసిన తరువాత ఏం చేస్తాడన్నది చూడవలసింది. సరిచేయించి, నంబర్ల సంగతి, టి.38 సంగతి కలిపి ప్రతిపాదన మార్చుకుంటే, అతని వ్యాపారానికే మేలు, మీ సంతకం కూడా తేలిక. కసురుకుంటే, మీ భార్యకు చెప్పడానికి మీ దగ్గర ఒక మాట ఉంటుంది: ముందు అతనికే చెప్పాను, అతను వినలేదు. ఆమె బాధను చిన్నచేసి మాట్లాడకండి. తమ్ముడి బతుకుతెరువు ఆమెకు నిజమైన భారం. మీ ఉద్యోగం పోతే పడే భారం కూడా ఆమె మీదే పడుతుందన్నది ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు.

చివరిగా మీ మీద మీకు కలిగిన అనుమానం. కొత్తది రాదన్న భయం మీలో ఉండవచ్చు, అయినంత మాత్రాన మీ అభ్యంతరాలు తప్పయిపోవు. ఆ భయం కూడా అనుకున్నంత పెద్దది కాదు. ట్రేసులో 08 02 00 01 05 అని కనబడగానే అది సెటప్ అని, కొత్త కాల్ బయలుదేరిందని గుర్తుపట్టే మీరు, సిప్‌లోని ఇన్వైట్‌ను చదవలేకపోవడం ఉండదు. అది మామూలు అక్షరాల్లోనే ఉంటుంది. సెటప్ అక్కడ ఇన్వైట్, అలర్టింగ్ అక్కడ 180, కనెక్ట్ అక్కడ 200, డిస్కనెక్ట్ అక్కడ బై. అవతలివారు బిజీగా ఉంటే మీకు తెలిసిన కాజ్ 17, అక్కడ 486గా వస్తుంది. నెట్‌వర్కు ప్యాకెట్లను పట్టి చూపించే వైర్‌షార్క్ ఉచితంగా దొరుకుతుంది. కొత్త గేట్‌వే నుంచి వచ్చే ట్రాఫిక్‌ను ఎండీ అనుమతితో పట్టి, అదే కాల్‌ను మీ పీఆర్‌ఐ ట్రేసుతో పక్కపక్కన పెట్టుకోండి. కాల్ ఎలా పుట్టి ఎలా ముగుస్తుందో మీకు తెలుసు, ఐపీ నెట్‌వర్కు ఆ అబ్బాయికి తెలుసు. మార్పు నిజంగా జరిగిన రోజున ఇద్దరూ కావాలి. ఆ ట్రేసు చూసేటప్పుడు అతన్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోవడానికి మనసు ఒప్పుకుంటే మీటింగులో అన్న మాటకు వేరే జవాబు వెతుక్కోనవసరం ఉండదు. ఒప్పుకోకపోతే ఒంటరిగా చదవండి, పని మాత్రం ఆగదు.

క్లాకు మార్పు రాత్రి ఓపీ లేని వేళ చేయండి, ముందుగా ఎక్స్ఛేంజి కాన్ఫిగరేషన్ బ్యాకప్ తీసుకోండి, క్యాజువాలిటీవారికి ముందే చెప్పి ఒక మొబైల్ నంబరు అందుబాటులో ఉంచండి. కొన్ని ఎక్స్ఛేంజీలు క్లాకు మూలం మార్చగానే నడుస్తున్న కాల్స్‌ను తెంచేస్తాయి. మార్చిన తరువాత కూడా పాత లైను మీద స్లిప్ లెక్క ఆగకపోతే, ఎక్స్ఛేంజి నిజంగా ఆ లైను క్లాకునే పట్టుకుందా, లేక లోపలి క్లాకు మీద పడిపోయిందా అని స్టేటస్‌లో చూడండి. పట్టుకున్నాక కూడా జారుతుంటే తప్పు కంపెనీ మోడెంలోనో వారి ఎక్స్ఛేంజిలోనో ఉంది. అప్పుడు వారిని పిలిచి టెస్టరును బిట్ తప్పుల మీద కాక స్లిప్ కొలత మీద పెట్టి, కొన్ని గంటలు వదిలి చూడమని అడగండి. వారు ఇచ్చే కాగితం కూడా నివేదికకు జత చేయండి.